ఉప్పుతిప్పపాళెం ఆకాశ తీర్మానం

ఆకాశం ఏ ఒక్కరి అబ్బసొత్తూ కాదని నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం ఉప్పుతిప్పపాళెం గ్రామ ప్రజలు ఏకగ్రీవంగా తీర్మానించారు. గగనతలంలో గుత్తాధిపత్యం నశించాలనీ, విమాన కంపెనీల మధ్య ఆరోగ్యకరమైన పోటీ వర్ధిల్లాలనీ, ప్రపంచ దేశాలు తమ తమ యుద్ధాలను విమాన ప్రయాణికులకు అసౌకర్యం కలగని వేళల్లో చేసుకోవాలనీ అందులో రాసి ఉంది. ఒక కాపీ ఢిల్లీకి, ఒక కాపీ ఐక్యరాజ్యసమితికి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. రెండోది చిరునామా చాలదని వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది.

ఇంత పెద్ద తీర్మానం చేసిన ఊరికి విమానాశ్రయం ఉందా అని అడక్కండి. జిల్లాకే లేదు. ఊళ్లో విమానం ఎక్కినవాళ్లు కూడా లేరు. ఎక్కబోయినవాడు మాత్రం ఒకడున్నాడు. ఆయన పేరు మాలకొండయ్య. తీర్మానం ఆయనది, భాష ఆయనది, ఆవేశం ఆయనది. ఏకగ్రీవం కూడా ఆయనదే. ఎట్లాగంటే, తెల్లారకముందే చేపల గంపలతో నెల్లూరు మార్కెట్టుకు పోయే ఆడవాళ్లు ఇరవై ఇద్దరు ఆయన వ్యాన్‌లో కూర్చున్నాక కాగితం చేతికిచ్చాడు. అందరి సంతకాలూ వేలిముద్రలూ పడేదాకా బండి కదల్లేదు. గంపల్లో ఐసు కరిగిపోతుంటే ఆకాశం ఒకరి సొత్తేనని వాదించే ఓపిక ఎవరికుంటుంది?

ఆ ఊళ్లో గంపలు మోసే బండి అదొక్కటే. మరో బండి కొనగలవాళ్లు లేక కాదు, ఊరి కట్టుబాటు అట్లాంటిది. ఏటా ఒక ఆదివారం పొద్దున గంగమ్మ గుడి ముందు పాట పెడతారు. ఎవరు ఎక్కువకు పాడితే ఏడాదిపాటు ఊరి మనుషుల్నీ గంపల్నీ నెల్లూరు చేర్చే హక్కు వాళ్లది. ఆ పాట సొమ్ముతోనే గంగమ్మకు తిరునాళ్ల జరుగుతుంది. ఇంకెవరైనా ఊళ్లో మనిషిని గానీ గంపను గానీ ఎక్కించుకుంటే దురాయి తప్పినట్టు. దురాయి అంటే ఊరి పెద్దలు పెట్టిన ఆంక్ష, మీరితే తప్పు, అంటే జరిమానా, కట్టాలి. పోలీసు కేసుకు నవ్వేసే మొనగాళ్లు కూడా దురాయి అనేసరికి చేతులు కట్టుకుంటారు.

పదకొండేళ్లుగా పాట మాలకొండయ్యదే. అయిదో ఏడు నిండిన మర్నాడే ఆయన పెద్దల చేత ఒక చిన్న సవరణ చేయించాడు. ఊరి దారిలో కనీసం అయిదేళ్లు గంపలు మోసిన అనుభవం ఉన్నవాళ్లే పాటలో నిలబడాలి. అనుభవం రావాలంటే గంపలు మోయాలి, గంపలు మోయాలంటే పాట దక్కాలి, పాట దక్కాలంటే అనుభవం ఉండాలి. ఇదంతా ప్రయాణికుల భద్రత కోసమేనని ఆయన చెప్పాడు. అప్పటినుంచీ పాట రోజున ఆయన ఒక్కడే పాడి, ఒక్కడే గెలిచి, తన మెడలో తనే దండ వేసుకునేదాకా వచ్చింది.

ఇట్లాంటి పెద్దమనిషికి పోయిన ఏడాది చెన్నై విమానాశ్రయంలో ఘోర అవమానం జరిగింది. భార్య ధనలక్ష్మితో కాశీకి బయలుదేరాడు. తెల్ల చొక్కా, కొత్త సూట్‌కేసు, పెద్ద డబ్బా నిండా పులిహోర. లోపలికి పోయి గంట కూర్చున్నాక విమానం రద్దయిందన్నారు. ఇంకో కంపెనీ కౌంటరుకు పరుగెత్తితే టిక్కెట్టు నాలుగింతలు చెప్పారు.

"ఇదేంది తల్లీ, మొన్న ఒక రేటు, ఇయ్యాల ఒక రేటు?" అన్నాడు మాలకొండయ్య.

కౌంటర్లో అమ్మాయి తమిళం కలిసిన తెలుగులో ఓపిగ్గా చెప్పింది. "పశ్చిమాసియాలో యుద్ధం సార్. ఆకాశం మూసేశారు. విమానాలు చుట్టు తిరిగి వస్తున్నాయి."

"నేను పోయేది కాశీకి గదమ్మా. కాశీకి పోయే దారిలో ఇరాన్ యాడ తగుల్తుంది?"

"ఈ రూట్లో ఉండేది రెండే కంపెనీలు సార్. వేరే దారి లేదు" అని ఆ అమ్మాయి నవ్వింది.

ఆ నవ్వు మాలకొండయ్య గుండెల్లో గుచ్చుకుంది. తిట్టి ఉంటే పడి ఊరుకునేవాడు. ఇష్టముంటే ఎక్కు, లేకుంటే ఇంటికి పో అన్న మాటను అంత మర్యాదగా అనొచ్చని ఆయనకు అంతవరకూ తెలియదు. రోజూ పొద్దున సముద్రం ఒడ్డున ఆయన అనే మాటే అది, కాకపోతే ఇంతకన్నా పొట్టిగా అంటాడు. ధనలక్ష్మి పులిహోర తిని కుర్చీలోనే కునుకు తీసింది. ఆయన పద్నాలుగు గంటలు రెప్ప వేయకుండా కూర్చుని, కాశీకి పోకుండానే జ్ఞానోదయం పొంది ఊరికి తిరిగొచ్చాడు.

ఆనాటి నుంచి ఆయన అంతర్జాతీయ వ్యవహారాల్లోకి దిగాడు. ఊళ్లో కిషోర్ అనే కుర్రాడికి జిరాక్సు, ఇంటర్నెట్టు, టీ మూడూ కలిపి నడిచే కొట్టొకటి ఉంది. దరఖాస్తులు టైపు చేసేది అతనే. పొద్దున ట్రిప్పు అయిపోయాక మాలకొండయ్య ఆ కొట్టు బల్ల మీద టీ చుక్కలతో ప్రపంచ పటం గీసేవాడు. ఇది హోర్ముజ్ జలసంధి, ఇది రష్యా ఆకాశం, ఇది పాకిస్తాన్ ఆకాశం అని వేలితో చూపించేవాడు. మొదట్లో రొయ్యల చెరువుల రైతులు ఆయనకు గట్టి పోటీ ఇచ్చారు. వాళ్లు అమెరికా సుంకాల గురించి, ఈక్వడార్ రొయ్య గురించి గంటలు గంటలు మాట్లాడగలరు. కానీ వాళ్లది నీళ్లకు సంబంధించిన జ్ఞానం. మాలకొండయ్యది గాలికి సంబంధించింది. గాలి కబుర్లలో ఆయన్ను కొట్టేవాడు మండలంలో లేడు.

"ఒక్క కంపెనీ చేతిలో ఆకాశంలో సగానికి సగం పెట్టినారంటే ఏమనాల?" అని బల్ల గుద్దేవాడు. "వాడు రద్దు చేస్తే దేశమే ఆగిపోతుంది. ఇది ప్రజాస్వామ్యమా?"

అందరూ తలలూపేవాళ్లు. రేపు పొద్దున ఇంట్లో ఆడవాళ్లు ఎక్కాల్సింది ఆయన బండే.

పోరాటంతో పాటు పరిశోధన కూడా సాగింది. విమాన కంపెనీలు జనాన్ని ఎన్ని రకాలుగా దోచుకుంటున్నాయో ఆయన ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నాడు. రాసుకున్నది వృథా పోవడం ఇష్టం లేక వ్యాన్‌లో అమలు చేశాడు. డ్రైవరు పక్క సీటు ప్రాధాన్య సీటు అయింది, దానికి అదనం. కిటికీ పక్కన గాలి తగులుతుంది కాబట్టి దానికి అదనం. ఒళ్లో పెట్టుకునే గంప చేతి సామాను, ఉచితం. కాళ్ల దగ్గర పెడితే అదనం. పీతలు ప్రాణంతో ఉంటాయి కాబట్టి పీతల గంపకు జీవాల రుసుం. ఆదివారం గిరాకీ ఎక్కువ కాబట్టి ఆదివారం రేటు వేరు. ఇవన్నీ పోగా తలకు ఇంత అని హోర్ముజ్ సర్‌చార్జి.

దాన్ని ప్రశ్నించింది చెంచమ్మ ఒక్కతే. చెంచమ్మకు అరవై దాటాయి. నలభై ఏళ్లుగా సావళ్లూ కానాగంతలూ లాంటి చేపలు అమ్మి ఇల్లు నడిపిన మనిషి.

"ఆ హోర్ముజ్ యాడుండాది మాలకొండయ్యా?"

"సముద్రంలో."

"మన ఊరూ సముద్రం ఒడ్డునే గదా. ఈడ గొడవేం లేదే."

"నీకు తెలీదులే చెంచమ్మా. అంతర్జాతీయ పరిస్థితి అట్టుంది. వేరే దారి లేదు."

నిజంగానే లేదు. మైపాడు రోడ్డెక్కితే ఆర్టీసీ బస్సు ఉంది గానీ గంపలు ఎక్కనివ్వరు. వ్యాన్‌లో చోటు దొరకనివాళ్లు నాలుగు కిలోమీటర్లు గంప నెత్తిన పెట్టుకుని మైపాడుదాకా నడవాలి, అక్కడ ఆటో పట్టుకోవాలి. వాళ్లు మార్కెట్టుకు చేరేసరికి హోటళ్లవాళ్లు కొనుక్కుపోయి ఉంటారు. మిగిలింది అడిగినంతకు ఇచ్చి రావడమే.

మాలకొండయ్య మనశ్శాంతికి అడ్డం దుర్గ. ఆమె మొగుడు ముఖేష్ వేటకు పోతాడు. మహిళా సంఘం పథకంలో అప్పు మీద ఆమెకు ఒక కరెంటు ఆటో వచ్చింది. ఊళ్లో ఎవరినీ ఎక్కించుకోకూడదు కాబట్టి రోజూ పొద్దున ఖాళీ ఆటోను మైపాడుదాకా తోలుకుపోయి అక్కడ ముప్పై ఆటోల వెనక వరసలో పెడుతుంది. ఆ దారిలోనే గంపల ఆడవాళ్లు నడుస్తుంటారు. మొదట్లో వాళ్లు చెయ్యెత్తేవాళ్లు, దుర్గ తల తిప్పుకునేది. తర్వాత వాళ్లు చెయ్యెత్తడం మానేశారు. దుర్గ మాత్రం తల తిప్పుకోవడం మానలేకపోయింది. ముసలి చెంచమ్మ గంప నీళ్లు కారుతూ నడుస్తుంటే పక్కనుంచి ఖాళీ బండి తోలుకుపోవడం ఎంత పాపిష్టి పనో ఆమెకే తెలుసు. ఈ ఏడు కూడా పాట మాలకొండయ్యకే పోతే ఆటో తిరిగి ఇచ్చేయడం తప్పదు. మైపాడు వరసలో దొరికే ఒకటీ అరా బేరాలతో దాని వాయిదాలు తీరవు.

ఒకరోజు ధైర్యం చేసి కిషోర్ కొట్టు దగ్గరికి వచ్చింది.

"అన్నా, నీ వ్యాన్‌లో పట్టని గంపలే నేను తీసకపోతా. నీ బేరం నాకొద్దు. ఊరి పెద్దాయనకి నువ్వొక్క మాట చెప్తే చాలు."

మాలకొండయ్య గ్లాసు కింద పెట్టి జాలిగా చూశాడు. "అమ్మా దుర్గా, నీకు తెలీక అడగతా ఉండావు. రెండు బండ్లుంటే పోటీ. పోటీ వస్తే రేట్లు పడతాయి. రేట్లు పడితే బండి బాగుచేయించేదానికి ఉండదు. బండి బాగలేకుంటే ప్రమాదం. అంటే ఏమైనట్టు? మన ఆడోళ్ల ప్రాణాలు కాపాడేదానికే నేనొక్కడినే తోలతా ఉండాను."

"విమానాలకి పోటీ ఉండాలని మొన్నే గదా నా చేత టైపు చేయించినావు" అన్నాడు కిషోర్.

"విమానం గాల్లో పోతుంది. గాల్లో చోటుంది. మన రోడ్డు సన్నం."

దుర్గ వచ్చినదారినే పోయింది. ఆ పిల్ల మొహం చూసి మాలకొండయ్యకు కూడా ఒక క్షణం ఎట్లాగో అయింది. అయితే ఆయన దృష్టి అప్పటికే పెద్ద విషయాల మీద ఉంది.

ఎందుకంటే ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. విమాన ఛార్జీల మీద ప్రజాభిప్రాయం సేకరించే కమిటీ ఒకటి నెల్లూరికి వస్తోంది. విమానాశ్రయాలున్న ఊళ్లలో జనం మరీ కోపంగా ఉన్నారనీ, లేని ఊళ్లలో అయితే అభిప్రాయాలు నిష్పాక్షికంగా ఉంటాయనీ కమిటీ భావించింది. ఈ విషయం మీద జిల్లా నుంచి దరఖాస్తు పెట్టిన ఏకైక పౌరుడైన మాలకొండయ్య గారు శుక్రవారం పది గంటలకు హాజరై, తమ వెంట బాధిత సామాన్య ప్రయాణికుల్లో ఒకరిని తీసుకురావాల్సిందిగా అందులో కోరారు. ఆ ఉత్తరానికి ఆయన నలభై జిరాక్సులు తీయించాడు.

సామాన్య ప్రయాణికురాలిగా చెంచమ్మ ఎంపికైంది. ఆ రోజుకు ప్రాధాన్య సీటు ఉచితమన్నాడు. శుక్రవారం పొద్దున గంపల ట్రిప్పు వేస్తే బండి చేపల కంపు కొడుతుందని, నిర్వహణ కారణాల వల్ల ట్రిప్పు రద్దు అని ఒడ్డున వ్యాన్ సీట్లోనుంచే ప్రకటించాడు. చెంచమ్మ తప్ప మిగతా ఆడవాళ్లంతా గంపలు నెత్తికెత్తుకుని మైపాడు దారి పట్టారు. ఆయన వ్యాన్ కడిగించి, అగరొత్తులు వెలిగించి, ఎనిమిదిన్నరకు ఇస్త్రీ చొక్కాతో సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజన్ అయితే మొరాయించకుండా లేచింది గానీ, క్లచ్ వైరు తెగింది.

తెగదా మరి? పదకొండేళ్లుగా ఆ బండికి మరమ్మతు చేయించాల్సిన అగత్యం రాలేదు. బాగున్నా అదే జనం ఎక్కుతారు, బాగలేకున్నా అదే జనం ఎక్కుతారు. మాలకొండయ్య చెమటలు తుడుచుకుంటూ మైపాడు ఆటోవాళ్లకు ఫోన్ చేశాడు.

"మీ ఊళ్లోకి రాలేమన్నా" అన్నాడు అవతలివాడు. "పోయినసారి వచ్చినోడికి నువ్వే గదా తప్పు వేయించినావు."

"ఇయ్యాల పిలిచేది నేనే గదరా."

"పిలిచేదీ నువ్వే, తర్వాత తప్పు వేయించేదీ నువ్వే అయితే మాకెట్టన్నా?"

బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు పదకొండింటికి. మాలకొండయ్య నలుదిక్కులా చూశాడు. మైపాడు వరసలో బేరం దొరక్క తిరిగొచ్చిన దుర్గ ఆటో గంగమ్మ గుడి పక్కన ఉంది. ఆటో పక్కన దుర్గ ఉంది. గుడి అరుగు మీద చిన్నపోలయ్య కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన ఊరి పెద్దకాపు. కాపు అంటే ఇక్కడ కులం కాదు, ఊరి కట్టుబాట్లు చూసే పెద్ద.

"దుర్గా, బండి తియ్. నెల్లూరు పోవాల" అన్నాడు మాలకొండయ్య.

దుర్గ కదల్లేదు. "దురాయి ఉండాది గదన్నా."

"ఇది దేశ సమస్యమ్మా. దేశ సమస్యలకి దురాయి ఉండదు."

చిన్నపోలయ్య వలమీద నుంచి తల ఎత్తాడు. "ఎక్కించినోళ్లకే గాదు, ఎక్కినోళ్లకీ తప్పేనని రాయించింది నువ్వే మాలకొండయ్యా. తప్పు పడినోళ్లకి ఆ ఏడు పాటలో చోటు లేదని గూడా రాయించినావు. ఎల్లుండే పాట. బాగా ఆలోచించుకుని ఎక్కు."

"నేను రాయించింది నాకు తెలీదా పెద్దాయనా? అది గంపలోళ్ల కోసం రాయించింది" అని మాలకొండయ్య చెంచమ్మను ముందు ఎక్కించి, తనూ ఎక్కి కూర్చున్నాడు.

దుర్గ ఇంకా నిలబడే ఉంది. తప్పు కట్టలేక ఆటో పోతే నష్టం తనకే. కాసేపటికి చిన్నపోలయ్య వైపు తిరిగింది. "నేనెట్టా పాటలో లేను గదా పెద్దాయనా. తప్పు వేస్తే వేయండి" అని హ్యాండిల్ పట్టుకుంది.

నెల్లూరులో హాలు నిండుగా ఉంది. ప్రజలు రాకపోతే బాగుండదని నాలుగు ఆఫీసుల నుంచి గుమాస్తాలను తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టారు. కమిటీ సభ్యులు ముగ్గురు, వాళ్ల ముందు నీళ్ల సీసాలు ఆరు. మాలకొండయ్య మైకు అందుకున్నాడు. ఆయన జీవితంలో అంత బాగా ఎన్నడూ మాట్లాడలేదని ఒప్పుకోవాలి.

"అయ్యలారా, ఒక దారిలో ఒక్కడే ఉంటే ఏమవుతుంది? వాడు చెప్పిందే రేటు, వాడు వచ్చిందే టైము. ఎక్కేవాడు వాడికి మనిషిగా కనపడడు, మూటలాగా కనపడతాడు. ఇదేంది నాయనా అని అడిగితే వేరే దారి లేదంటాడు. ఎందుకు లేదు? ఇంకొకణ్ని రానీకుండా చేసింది వాడే గాబట్టి. వాడికి పోటీ రావాల. వచ్చిన రోజు వాడే కిందికి దిగొస్తాడు."

గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. చెంచమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్లుగా తనకు చెప్పడం చేతకాని మాటను ఆయన నోటే వింటోంది. చివరికి ఈ మనిషికి తమ బాధ తెలిసొచ్చిందని ఆమె నిజంగానే నమ్మింది.

కమిటీ పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, ఈ సమస్య మీకు అనుభవమేనా?"

"రోజూ అనుభవమే సామీ."

"రోజూ విమానం ఎక్కుతారా?"

"విమానమేంది సామీ. ఈయన చెప్పినాడే, ఆ ఒక్కడే తోలేవోడు, వాడి బండి."

మాలకొండయ్య మైకు లాక్కున్నాడు. "ప్రాంతీయ కనెక్టివిటీ గురించి చెప్తా ఉండాది సార్."

ప్రాంతీయ కనెక్టివిటీ అని ముగ్గురు సభ్యులూ రాసుకున్నారు.

మర్నాడు పత్రికలో జిల్లా పేజీలో ఫోటో పడింది. మాలకొండయ్య పత్రిక చేతిలో పట్టుకుని, కొత్త వైరు వేయించిన వ్యాన్ దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు అయిదారుగురు దుర్గ ఆటో చుట్టూ చేరి ఉన్నారు. ఆయనే ఎక్కినప్పుడు మేమెందుకు ఎక్కకూడదని అడుగుతున్నారు. చెంచమ్మ అయితే గంప దించి ఆటోలో పెట్టనే పెట్టింది. "రేపటిదాకా ఆగు అత్తా, పెద్దాయన ఏమంటాడో చూద్దాం" అని దుర్గే ఆ గంపను కిందికి దించింది.

మాలకొండయ్య కాళ్ల కింద ఇసుక కదిలినట్టయింది. గంప తిరిగి కిందికి వచ్చింది నిజమే గానీ, ఒకసారి పైకి ఎక్కింది కదా. ఇదిట్లా వదిలేస్తే రేపు గంప, ఎల్లుండి మనిషి, ఆ తర్వాత పాట. పత్రికను మడిచి చంకలో పెట్టుకుని నేరుగా చిన్నపోలయ్య ఇంటికి పోయి, దుర్గ దురాయి తప్పిందని ఫిర్యాదు ఇచ్చాడు. ఫిర్యాదు చేసినవాడు తప్పు చేసినవాడు కాలేడని ఆయన గట్టి నమ్మకం. పదకొండేళ్లుగా ఊళ్లో జరిగిందీ అదే.

ఆదివారం పొద్దున గంగమ్మ గుడి ముందు ఊరంతా చేరింది. పాటకు ముందు తగువు తీర్చాలి. చిన్నపోలయ్య, మరో ఇద్దరు పెద్దలు అరుగు మీద కూర్చున్నారు. దుర్గ ఒక పక్కన నిలబడి ఉంది, ముఖేష్ వేట మానుకుని ఆమె వెనక నిలబడ్డాడు.

మాలకొండయ్య గొంతు సవరించుకున్నాడు. "శుక్రవారం పొద్దున దుర్గ ఈ ఊళ్లోనుంచి మనుషుల్ని ఎక్కించుకుని నెల్లూరు పోయింది పెద్దాయనా. కట్టుబాటు అంటే కట్టుబాటే. నేను కళ్లారా చూసినాను."

"యాడనుంచి చూసినావు?" అన్నాడు చిన్నపోలయ్య.

"వెనక సీట్లోనుంచి."

ఎవరూ నవ్వలేదు. ఊరి పెద్దల ముందు నవ్వితే అదీ తప్పే. కొంతమంది మాత్రం సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు.

"దుర్గా, ఎక్కించినావా?"

"ఎక్కించినాను పెద్దాయనా."

"తప్పు. మాలకొండయ్యా, ఎక్కినావా?"

"ప్రజల తరఫున ఎక్కినాను."

"ఎక్కినావా, లేదా?"

మాలకొండయ్య ఇటూ అటూ చూశాడు. ఊరంతా చూసిన సంగతి. నెల్లూరులో ఉన్నట్టు పత్రికలో ఫోటో కూడా పడింది. "ఎక్కినాను" అన్నాడు చివరికి.

"తప్పు. చెంచమ్మదీ తప్పే గానీ, పిలిచి ఎక్కించింది నువ్వు గాబట్టి ఆమె తప్పు నువ్వే కట్టాల." చిన్నపోలయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "తగువు అయింది. ఇంక పాట. తప్పు పడినోళ్లు పక్కకి పోండి. అయిదేళ్ల అనుభవం ఉండేవాళ్లు ముందుకి రండి."

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అయిదేళ్ల అనుభవం ఉన్న మనిషి ఆ ఊరు మొత్తానికి ఒక్కడే. ఆ ఒక్కడు పక్కన నిలబడి ఉన్నాడు. చిన్నపోలయ్య ముమ్మారు పిలిచాడు, ఎవరూ రాలేదు. ముగ్గురు పెద్దలూ తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. దుర్గ కళ్లు మూసుకుని గంగమ్మ గుడి వైపు తిరిగి నిలబడింది.

"పాడేవాళ్లు లేనప్పుడు పాట లేదు" అన్నాడు చిన్నపోలయ్య. "పాట లేనప్పుడు హక్కు లేదు. హక్కు లేనప్పుడు దురాయి దేనికి? ఈ ఏడు ఎవరి బండి వాళ్లు తోలుకోండి. తిరునాళ్లకి తలా ఇంత వేసుకోండి. అమ్మ ఏమీ అనుకోదులే."

"పెద్దాయనా, ఇది అరాచకం" అన్నాడు మాలకొండయ్య. "ఎవడు పడితే వాడు తోలతాడు. ప్రయాణికుల భద్రత ఏం గావాల?"

పెద్దాయన అప్పటికే అరుగు దిగి వల దగ్గరికి నడుస్తున్నాడు.

సోమవారం తూరుపు తెల్లబడే వేళకు ఒడ్డున మూడు బండ్లు ఉన్నాయి. దుర్గ ఆటో, పక్క పాళెం నుంచి హజరత్తయ్య తెచ్చిన పాత ఆటో, మాలకొండయ్య వ్యాన్. ఆడవాళ్లు గంపలతో వచ్చి నిలబడిపోయారు. ఏ బండి ఎక్కాలో తామే తేల్చుకోవడం వాళ్లకు కొత్త. కాస్త సిగ్గుపడుతూ, కాస్త నవ్వుకుంటూ, ఏడుగురు దుర్గ ఆటో దగ్గరికి నడిచారు. నలుగురు హజరత్తయ్య వైపు పోయారు. మాలకొండయ్య సీట్లోనే కూర్చుని హారన్ కొట్టాడు. ఎవరూ తిరిగి చూడలేదు. మళ్లీ కొట్టాడు.

చెంచమ్మ గంప నెత్తిన పెట్టుకుని దుర్గ వైపు అడుగు వేసింది. అప్పుడు మాలకొండయ్య వ్యాన్ దిగాడు. గంపల వేళలో ఆయన సీటు దిగి ఇసుకలో కాలు పెట్టడం పదకొండేళ్లలో ఎవరూ చూడలేదు. గబగబా పోయి చెంచమ్మ నెత్తి మీది గంప అందుకుని తన భుజాన పెట్టుకున్నాడు. ఐసునీళ్లు తెల్ల చొక్కా మీదుగా బొటబొటా కారాయి.

"ఇట్టా రా అక్కా. కిటికీ పక్కన కూచో. దానికేం లేదులే. కాళ్ల దగ్గర గంపకీ ఏం లేదు. పీతలుంటే పీతలు గూడా పెట్టుకో."

చెంచమ్మ ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది. దుర్గ తన ఆటోలోనుంచే "ఎక్కు అత్తా, నా బండి నిండిపోయింది" అని నవ్వింది. చెంచమ్మ వ్యాన్ ఎక్కింది. ఆమె వెనక మరో పదిమంది ఎక్కారు. సగం సీట్లు ఖాళీగా ఉండగానే బండి కదిలింది. నిండేదాకా ఆగితే ఉన్నవాళ్లు కూడా దిగిపోతారని మాలకొండయ్యకు భయం పట్టుకుంది.

మైపాడు దాటేసరికి ఆయన చొక్కా వంటికి అంటుకుపోయింది. భుజం నొప్పి పుట్టింది. ఇట్లా రోజూ గంపలు మోయాలని, రోజూ అక్కా అనాలని, వేళకు బండి తీయాలని తలుచుకుంటే ఆయనకు దుఃఖం ఆగలేదు.

"పోటీ శానా చెడ్డది చెంచక్కా" అన్నాడు. "మనిషిని మనిషిగా బతకనీదు."

చెంచమ్మ కిటికీలోంచి తగిలే గాలికి కొంగు సర్దుకుంది.

"ఏమో నాయనా" అంది. "నన్నయితే నువ్వు ఇయ్యాలే మనిషిగా చూసినావు."